గుర్రాల సేవకుడు ఫీల్డ్ మార్షల్ ఎలా అయ్యాడు?

అడగండి, చెబుతాను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు మిలిటరీ హోదాల మీదే ఉన్నాయి. మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకు పక్కన పెట్టి వీటినే ముందు తీసుకున్నాను. నేను కందుకూరులో ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ పాఠాలు చెప్పాను. అంతకన్నా ముందు, గిద్దలూరు దగ్గర పల్లెలో ఒక సుబేదారు కూతుర్ని. నాన్న సెలవు మీద ఇంటికొచ్చాడంటే మా వరండాలో సగం మాటలు ఈ హోదాల చుట్టూనే తిరిగేవి. అందుకని ఈసారి జవాబులు కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను సైన్యంలో ఆఫీసర్లను ఎంచే సి.డి.ఎస్. పరీక్షకు తయారవుతున్నాను. లెఫ్టినెంట్ కన్నా మేజర్ పెద్ద. కానీ మేజర్ జనరల్ కన్నా లెఫ్టినెంట్ జనరల్ పెద్ద. కోచింగ్‌లో అడిగితే “అది అంతే, బట్టీ పట్టెయ్” అన్నారు. ఎందుకిలా తారుమారైంది? (కనిగిరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: బట్టీ పట్టక్కర్లేదు బాబూ. దీనికి చక్కని కారణం ఉంది. ఒకసారి తెలిస్తే పరీక్ష హాల్లో టెన్షన్‌లో కూడా మర్చిపోవు.

ముందు ‘జనరల్’ సంగతి చూడు. అది మొదట్లో హోదా పేరు కాదు, ఇంకో పేరు పక్కన చేరే మాట. జనరల్ హాస్పిటల్, జనరల్ స్టోర్స్ అంటాం కదా, అన్నిటికీ కలిపి అని. ఇక్కడా అదే అర్థం. కెప్టెన్ అనే మాట లాటిన్‌లో తలకాయ అనే మాట నుంచి పుట్టింది. ఒక చిన్న దళానికి తలకాయ అయినవాడు కెప్టెన్. మొత్తం సేనకంతటికీ తలకాయ అయినవాడు కెప్టెన్ జనరల్. ఆ సేనాపతికి అసలు పేరు అది.

లెఫ్టినెంట్ ఫ్రెంచి మాట. రెండు ముక్కలు: ఒకదానికి ‘చోటు’ అని అర్థం, రెండోదానికి ‘పట్టి ఉంచేవాడు’ అని. పెద్దవాడు లేనప్పుడు ఆయన చోటు పట్టి ఉంచేవాడు లెఫ్టినెంట్. కెప్టెన్ చోటు చూసేవాడు మామూలు లెఫ్టినెంట్, సేనాపతి చోటు చూసేవాడు లెఫ్టినెంట్ జనరల్. యానాం వాళ్ళను అడిగితే లెఫ్టినెంట్ గవర్నర్ అనే మాట రోజూ వింటామంటారు. అక్కడా అర్థం ఇదే.

ఇక మూడోవాడు. అతని పూర్తి పేరు సార్జెంట్ మేజర్ జనరల్. అసలు కీలకం ఇక్కడుంది. యుద్ధానికి ముందు ఏ దళం ఎక్కడ నిలబడాలి, వరుసలు ఎంత దూరంలో ఉండాలి, గుడారాలు ఎక్కడ వెయ్యాలి అని చూసుకునే పని అతనిది. వాడుకలో పేరు మరీ పొడుగైపోయి కాలక్రమాన ముందున్న ‘సార్జెంట్’ జారిపోయింది. మేజర్ జనరల్ మిగిలింది. అలాగే కెప్టెన్ జనరల్‌లో ‘కెప్టెన్’ జారిపోయి ఉత్త జనరల్ మిగిలింది. కాబట్టి నువ్వు పోల్చాల్సింది లెఫ్టినెంట్‌నీ మేజర్‌నీ కాదు, లెఫ్టినెంట్‌నీ సార్జెంట్‌నీ. అలా చూస్తే తారుమారు ఏమీ లేదు. రెజిమెంటులో ఉండే మామూలు మేజర్ కూడా ఒకప్పుడు సార్జెంట్ మేజరే. అక్కడా ముందుమాట ఊడిపోయింది.

పాత పేర్లు పూర్తిగా కనపడే చోటు ఒకటి చెబుతాను. 1645లో ఇంగ్లండులో రాజు మీద పోరాడటానికి పార్లమెంటు కొత్త సైన్యాన్ని తయారుచేసింది. దానికి కెప్టెన్ జనరల్ సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్. గుర్రపు దళానికి లెఫ్టినెంట్ జనరల్ ఆలివర్ క్రామ్‌వెల్. కాల్బలానికి సార్జెంట్ మేజర్ జనరల్ ఫిలిప్ స్కిప్పన్. ఈ ముగ్గుర్నీ గుర్తుపెట్టుకుంటే వరుస నీ కళ్ళ ముందు ఉంటుంది.

మా పిల్లలకు నేను బడినే చూపించి చెప్పేదాన్ని. హెడ్మాస్టర్ గారు కెప్టెన్ జనరల్. ఆయన సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చునే ఫస్ట్ అసిస్టెంట్ లెఫ్టినెంట్ జనరల్. పొద్దున్నే ప్రేయర్‌కి విజిల్ ఊది, ఆరో తరగతి ఇటు, పదో తరగతి అటు అని వరుసలు సర్దే డ్రిల్లు మాస్టారు సార్జెంట్ మేజర్ జనరల్. ఇది చెప్పాక ఒక్క పిల్లవాడు కూడా తప్పు రాయలేదు.

ఇంకొక్క మాట, పరీక్షకు కాదు, నీ కోసం. లెఫ్టినెంట్‌కి మన దగ్గర సరిగ్గా సరిపోయే అరబ్బీ మాట ఉంది: నాయబ్. నాయబ్ తహసీల్దారు, నాయబ్ సుబేదారు అంటాం. తరువాతి స్థానంలో ఉండి పైవాడి పని చూసేవాడు. ఆ నాయబ్‌కి గౌరవ బహువచనమే ‘నవాబు’. మన నెల్లూరు సీమ, 1801లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించేదాకా, ఆర్కాటు నవాబుల పాలనలో ఉందని చదువుకున్నావు కదా. ఆ నవాబు అనే మాటకు పుట్టుకలో అర్థం ‘వేరొకరి తరఫున పనిచేసేవాడు’ అని. ఢిల్లీ పాదుషా తరఫున అన్నమాట. నవాబు, నాయబు, లెఫ్టినెంట్, ముగ్గురూ అర్థంలో ఒక ఇంటివాళ్ళే.

ప్రశ్న: ‘కల్నల్’ అని మనం అంటాం. ఇంగ్లీషు వార్తల్లో ‘కర్నల్’ అంటారు. ఏది ఒప్పు? (సింగరాయకొండ నుంచి)

జవాబు: ఇంగ్లీషు వాళ్ళు పలికేది కర్నల్ అనే. కానీ మనం అనేది గాలిలోంచి ఊడిపడలేదు. ఈ మాట ఇటలీలో పుట్టింది. అక్కడ స్తంభానికీ, స్తంభంలా బారుగా నిలిచిన దళానికీ ఉన్న మాట నుంచి, ఆ దళాన్ని నడిపేవాడికి ‘కొలొనెల్లో’ అని పేరు వచ్చింది. స్పెయిన్ వాళ్ళ నోట్లో ల పోయి ర చేరింది. ఇంగ్లీషు రాత ఇటలీ దారిన పోయింది, పలుకుబడి రెండోదారి పట్టింది. మన ‘కల్నల్’ రాతను బట్టి వచ్చింది. తెలుగులో అదే స్థిరపడింది కాబట్టి నేను అదే వాడతాను.

ప్రశ్న: అమ్మా, 1973లో మానెక్‌షా గారిని ఫీల్డ్ మార్షల్ చేశారని రేడియోలో విన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో ఇప్పటికీ తెలియదు. మన భాషలో, మన చరిత్రలో దానికి సమానమైన పాత బిరుదు ఏదైనా ఉందా? (ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఆ వార్త మా ఇంట్లోనూ పెద్ద వార్తే. నాన్న అప్పటికి ఏడాది కిందటే రిటైరై వచ్చాడు. మర్నాడు గిద్దలూరు బస్టాండుకి పోయి పేపరు కొనుక్కొచ్చి నా చేత చదివించుకున్నాడు. పటాలంలో చేరినప్పుడు నేర్చుకున్న రోమన్ హిందీ గడగడా చదివేవాడు గానీ, తెలుగు అచ్చు కూడబలుక్కుని చదివేవాడు. ఒకసారి చదివాక “మళ్ళీ చదువు తల్లీ” అన్నాడు.

‘మార్షల్’ అనే మాట పాత జర్మన్ తెగల భాషల నుంచి వచ్చింది. అందులో రెండు ముక్కలు. మొదటిదానికి గుర్రం అని అర్థం. ఇంగ్లీషులో ఆడగుర్రానికి వాడే ‘మేర్’ దాని బంధువే. రెండో ముక్కకు సేవకుడు అని అర్థం. రెండూ కలిపితే గుర్రాల సేవకుడు. మేత వెయ్యడం, మాలిష్ చెయ్యడం, నాడాలు చూడటం, జీను సర్దడం అతని పని. ఫ్రాన్స్‌లో గుర్రాలకు నాడాలు కొట్టే పనివాణ్ణి ఈనాటికీ ‘మరెషాల్ ఫెర్రాన్’ అనే పిలుస్తారు. అదే మాట పక్కన వేరే మాట చేరితే ఫ్రాన్స్ సైన్యానికే తలమానికమైన బిరుదు అయింది.

ఇది ఎలా జరిగింది? ఆ కాలంలో రాజుకు గుర్రమే బలం. యుద్ధం గెలిచినా ఓడినా గుర్రాల మీదే ఆధారం. రాజు గుర్రాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో అతను రాజుకు రోజూ కనపడతాడు, ప్రయాణాల్లో పక్కనే ఉంటాడు. గుర్రాలు చూసేవాడు గుర్రపు రౌతుల్ని చూసేవాడయ్యాడు, తర్వాత రౌతుల్ని యుద్ధంలో నడిపించేవాడయ్యాడు. కానిస్టేబుల్ కథ కూడా ఇదే. లాటిన్‌లో అది ‘గుర్రపుశాల అధికారి’. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు మొత్తం సేనకు పెద్ద కానిస్టేబులే. ఇవాళ మన పోలీసు స్టేషన్లో అది తొలి మెట్టు. అసెంబ్లీలో గొడవ జరిగితే సభ్యుల్ని బయటికి తీసుకెళ్ళే వాళ్ళనూ మార్షల్స్ అంటున్నాం. ఒకే మాట ఒకచోట కొండెక్కింది, ఇంకోచోట గుమ్మం దగ్గర నిలబడింది.

ముందు ‘ఫీల్డ్’ చేర్చిన హోదా జర్మన్ రాజ్యాల్లో నడిచేది. 1736లో ఇంగ్లండు రాజు రెండో జార్జి దాన్ని తన సైన్యంలోకి తెచ్చాడు. ఆయన జర్మనీలోని హనోవర్‌కి కూడా పాలకుడు కాబట్టి అక్కడి పద్ధతి తెలుసు. ఆర్గైల్ డ్యూక్, ఆర్క్‌నీ ఎర్ల్ అనే ఇద్దరికి ఆ ఏడు మొదటగా ఇచ్చాడు. అక్కణ్ణుంచి మన సైన్యానికి ఆ మాట వారసత్వంగా వచ్చింది. మన దేశంలో దీన్ని అందుకున్నవాళ్ళు ఇద్దరే. శామ్ మానెక్‌షాకి 1973 జనవరి 1న ఆ హోదా వచ్చింది. 3వ తేదీన రాష్ట్రపతి భవన్‌లో మన తెలుగువాడైన వి.వి. గిరి గారి చేతుల మీదుగా అందుకున్నారు. రెండోవారు కె.ఎం. కరియప్ప, 1986లో. ఆయన 1949 జనవరి 15న మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆ రోజునే ఆర్మీ డే చేసుకుంటున్నాం. వాయుసేనలో ఇదే స్థాయి హోదా 2002లో అర్జన్ సింగ్‌కి ఇచ్చారు. ఈ హోదా వచ్చినవారికి రిటైర్మెంట్ అంటూ ఉండదు, ప్రాణం ఉన్నంతవరకూ సర్వీసులో ఉన్నట్టే లెక్క.

ఇక మీ రెండో ప్రశ్న. దీనికి జవాబు చెప్పే అవకాశం కోసమే ఇన్నేళ్ళు ఎదురుచూశానేమో అనిపిస్తుంది.

మార్షల్‌కి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ‘సాహిణి’. కాకతీయుల శాసనాల్లో కనపడుతుంది. గుర్రాల, ఏనుగుల దళాల బాధ్యత మోసే అధికారి సాహిణి. గణపతిదేవుని దగ్గర కాయస్థ వంశపు గంగయ సాహిణి ఉండేవాడు. గుర్రపు దళంతో మొదలై డెబ్బై రెండు నియోగాల (పాలనా శాఖల) మీద అధిపతి, అంటే బాహత్తర నియోగాధిపతి అయ్యాడు. ఆయన తర్వాత ఆ వంశంవాళ్ళు పెద్ద భూభాగాన్నే ఏలారు. ఆ వంశపు అంబదేవుడు 1290లో వేయించిన పెద్ద శాసనం మన త్రిపురాంతకం కొండ మీద ఉంది. గణపతిదేవుడి దగ్గరే జాయప అనే సేనాని గజసాహిణి. ఏనుగుల దళం నడిపిన ఆ చేతితోనే నాట్యశాస్త్రం మీద గ్రంథం రాశాడు. ఎక్కడి జర్మన్ తెగలు, ఎక్కడి ఓరుగల్లు! ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండానే రెండు చోట్లా గుర్రపుశాల నుంచి సేనాపతి పదవికి ఒకే దారి పడింది.

బిరుదు ఇచ్చే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఫీల్డ్ మార్షల్‌కి మఖమలు చుట్టి బంగారు తొడుగు వేసిన చిన్న కర్ర ఇస్తారు. సెల్యూట్ కూడా దానితోనే. మన వాళ్ళు ‘పట్టం’ కట్టేవాళ్ళు, అంటే నుదుటికి బంగారు పట్టీ. పట్టం అనగానే రాజుకే అనుకుంటాం. కాదు. అద్దంకిలో దొరికిన పండరంగడి శాసనం చూడండి. క్రీ.శ. 848 నాటిది, తరువోజ పద్యం ఉన్న శాసనం. వేంగి రాజు గుణగ విజయాదిత్యుడు తన పట్టాభిషేకం జరిగిన తొలి ఏటనే పండరంగడికి ‘సేన పట్టంబు’ కట్టించి సామంతులతో పాటు పంపాడని అందులో ఉంది. అతను పన్నెండు బోయ కొట్టాలు గెలిచాడు. కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు. కందుకూరును బెజవాడలా చేశాడు. కందుకూరు బడిలో ఈ వాక్యం చదివి వినిపించిన ప్రతిసారీ పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్ళు. పదకొండు వందల డెబ్బై ఏళ్ళ కిందటి రాతి మీద వాళ్ళ ఊరి పేరు, ఒక సేనాపతి పేరు పక్కపక్కనే ఉన్నాయి మరి.

అంతకు ముందు పురాణంలో చూస్తే, దుర్యోధనుడు భీష్ముణ్ణి సేనాపతిని చేసినప్పుడు అభిషేకం చేయించాడు. ఆ ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసింది మన నెల్లూరి తిక్కన గారు. ఆయన తండ్రి కొమ్మన దండనాథుడు. ‘దండం’ అంటే కర్ర, ‘దండం’ అంటే సేన కూడా. దండు, దండయాత్ర అనే మాటలు అక్కడివే. ఇంట్లో దండనాథుడిని చూస్తూ పెరిగినవాడికి సేనాపతికి జరిగే అభిషేకం ఉత్త పురాణం ముచ్చటగా అనిపించి ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మా ఇంటిపేరు దళవాయి. మా పూర్వీకులు సైన్యంలో ఉండేవారా? (వెంకటగిరి నుంచి)

జవాబు: మీ వంశం సంగతి మీ ఇంటి పెద్దలు, పాత కాగితాలు చెప్పాలి. మాట సంగతి నేను చెబుతాను. దళవాయి అంటే దళాన్ని నడిపేవాడు, సేనాపతి. విజయనగరం కాలంలోనూ తర్వాత మైసూరులోనూ ఇది పెద్ద పదవి. మైసూరులో 18వ శతాబ్దానికి దళవాయిలు రాజును సింహాసనం మీద కూర్చోబెట్టి పాలన అంతా తమ చేతుల్లోకి తీసుకున్నారు. అలాంటి దళవాయి కుటుంబానికి చెందిన నంజరాజు కింద సైనికుడిగా పైకి వచ్చినవాడే హైదర్ అలీ. చివరికి నంజరాజునే తప్పించి రాజ్యం అందుకున్నాడు. అంత బరువైన మాట మీ ఇంటిపేరు.

ప్రశ్న: అమ్మా, మా మామగారు సిపాయిగా చేరి ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి ఆనరరీ కెప్టెన్‌గా రిటైరయ్యారు. మా ఇంట్లో పెళ్ళి శుభలేఖలో ‘కెప్టెన్’ అని వేయిస్తే మా తోడికోడలు “ఆనరరీ అంటే ఉత్తుత్తిదే గదా, ఎందుకు వేసుకోవడం” అంది. ఆయన విన్నారు. ఏమీ అనలేదు గానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన హోదాకు ఉన్న విలువ ఏమిటో రాయండి, ఆమెకు చూపిస్తాను. (కావలి నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమెకు చూపించే ముందు మీ మామగారికి చదివి వినిపించు.

ముందు సూటిగా చెబుతాను. అది ఉత్తుత్తిది కాదు. సిపాయిగా చేరినవాడు లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ మెట్లెక్కి, ఆ తర్వాత నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదార్ మేజర్ కావాలి. ఒక్కో మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. అలా పైదాకా వెళ్ళి, మచ్చ లేకుండా పనిచేసిన వాళ్ళలో కొందరిని ఎంచి జనవరి 26కీ ఆగస్టు 15కీ ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ హోదాలు ఇస్తారు. పేర్లు భారత ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతాయి. భుజం మీద కెప్టెన్‌కి ఉండే మూడు నక్షత్రాలే ఉంటాయి. శుభలేఖలో నిశ్చింతగా వేయించుకోవచ్చు.

కానీ ఈ చిన్నచూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి. అది మీ తోడికోడలి తప్పు కాదు, రెండు వందల ఏళ్ళకు ముందే మొదలైంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, 1968లో, మొఘలుల పాఠం జరుగుతోంది. రాజ్యాన్ని సుబాలుగా విభజించారు, ఒక్కో సుబాకు సుబేదారు ఉండేవాడు, దక్కన్‌లో ఆరు సుబాలు అని మాస్టారు చెబుతున్నారు. అదే ఏడాది నాన్నకు సుబేదారుగా ప్రమోషన్ వచ్చిందని ఉత్తరం వచ్చింది. నేను లేచి “మా నాన్న సుబేదారే సార్” అన్నాను. మాస్టారు నవ్వారు. “అయితే మీ నాన్న ఏ రాష్ట్రం ఏలుతున్నాడమ్మా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ ఏడంతా నన్ను ‘దక్కన్ సుబేదార్’ అని పిలిచారు. నాకు ఏడుపు ఆగలేదు. సెలవు మీద నాన్న వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “మాట మనదే తల్లీ. కొలత మాత్రం వాళ్ళు పెట్టారు” అన్నాడు.

ఆ మాట అర్థమవడానికి నాకు ఇంకో పదేళ్ళు పట్టింది. ఇంగ్లీషు కంపెనీ 18వ శతాబ్దంలో మన వాళ్ళతో పటాలాలు కట్టినప్పుడు హోదాలకు మన పేర్లే పెట్టింది. కానీ ఎంత ఎత్తున పెట్టిందో చూడు. ‘సుబేదారు’ ఒక రాష్ట్రాన్ని ఏలిన అధికారి; అసఫ్ జా నిజాం కూడా మొదట దక్కన్ సుబేదారే. కంపెనీ ఆ పేరును వందమంది సిపాయిల దళంలో ఉన్న మన పెద్దకు ఇచ్చింది. ‘నాయకుడు’ అంటే విజయనగర కాలంలో అమరం భూములు పొంది, సొంత సేన పోషించి, సీమను కాపాడిన ప్రభువు. ఉదయగిరి కోట చుట్టుపక్కల ఊళ్ళలో ఆ నాయకుల కాలపు ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కంపెనీ దాన్ని ‘నాయక్’ చేసి చొక్కా చేతి మీద రెండు పట్టీలుగా కుట్టింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. జమేదారు, దఫేదారు అనే మాటలైతే ఆఫీసు గుమ్మాల దాకా వచ్చాయి. కలెక్టరు గారి ముందు తెల్ల బట్టల మీద ఎర్ర పట్టీ వేసుకుని నడిచే దఫేదారును నెల్లూరులో చూసే ఉంటావు. సైన్యంలో దఫేదారు గుర్రపు దళంలో హవల్దారుతో సమానం.

ఆ పైన ఒక గీత గీశారు. ముప్పై ఏళ్ళ సర్వీసు, నాలుగు యుద్ధాలు, ఒంటి మీద గాయాలు ఉన్న సుబేదారైనా, నిన్న ఓడ దిగిన ఇరవై ఏళ్ళ ఇంగ్లీషు కుర్రాడి కింద పనిచెయ్యాల్సిందే. భారతీయులు ఆ గీత దాటి పూర్తి ఆఫీసర్లు అవడం మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మొదలైంది. 1919లో అలా కమిషన్ పొందిన తొలివాళ్ళలో కరియప్ప ఒకరు. 1932లో డెహ్రాడూన్‌లో మొదలైన అకాడమీ తొలి బ్యాచ్ 40 మందిలో మానెక్‌షా ఒకరు. మన ఇద్దరు ఫీల్డ్ మార్షళ్ళూ ఆ తలుపు తెరుచుకోగానే లోపలికి వెళ్ళినవాళ్ళన్నమాట.

ఇప్పుడు అటువైపు మాటలు చూడు. మార్షల్ అంటే గుర్రాల సేవకుడు. సార్జెంట్ అంటే సేవ చేసేవాడు. లెఫ్టినెంట్ అంటే ఇంకొకరి చోట నిలబడినవాడు. అవన్నీ పైకి పోయి కూర్చున్నాయి. రాష్ట్రాన్ని ఏలినవాడి పేరు, సీమను కాచినవాడి పేరు కిందికి వచ్చాయి. మాటలోని అర్థం వల్ల ఇది జరగలేదు. కొలబద్ద ఎవరి చేతిలో ఉందో వాళ్ళు పెట్టిన ఎత్తు అది.

పుట్టుకలో సేవకుడు అనే అర్థం ఉండటం మన భాషలోనూ చిన్నతనం కాదు. ‘బంటు’ అంటే సేవకుడు, అదే మాట వీరుడికీ వాడతాం. హనుమంతుణ్ణి రామబంటు అన్నప్పుడు ఎవరికి తక్కువతనం తోస్తుంది? కాకతీయుల దగ్గర ‘లెంకలు’ అని ఉండేవాళ్ళు. లెంక అన్నా సేవకుడే. ఏలిక ప్రాణం పోతే తమ ప్రాణమూ ఇస్తామని మాట ఇచ్చిన యోధులు వాళ్ళు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మాటల్ని మన సైన్యం అలాగే ఉంచుకుంది, ఒక్క జమేదారు తప్ప. 1965లో దాన్ని నాయబ్ సుబేదారు అని మార్చారు. నాన్నకు అంతకు ముందు ఏడాదే జమేదారు ప్రమోషన్ వచ్చింది. మా నాయనమ్మకు అది ఎంత బెంగో. “ఇన్నేళ్ళు చేసి ఆఫీసు జమేదారు అయ్యాడా నా బిడ్డ” అని ఊళ్ళో అడిగినవాళ్ళకు హోదా పేరు చెప్పేది కాదు. పేరు మారిందని ఉత్తరం వచ్చాక నాతో నాలుగుసార్లు చదివించుకుని, అప్పుడు పక్కింటికి పోయి చెప్పింది.

పటాలంలో మాత్రం ఈ హోదాలకు ఉన్న గౌరవం బయటివాళ్ళకు తెలియదు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ కూడా సుబేదారును పేరు పెట్టి పిలవడు, ‘సాబ్’ అంటాడు. జవాన్ల పెళ్ళిళ్ళు, అప్పులు, ఇంటి గొడవలు, సెలవుల లెక్కలు అన్నీ సాబ్ దగ్గరికే వస్తాయి. నాన్న రిటైరయ్యాక కూడా ఆయన కింద పనిచేసినవాళ్ళు కూతురి పెళ్ళి కుదిరిందనో కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో ఉత్తరాలు రాసేవాళ్ళు. పైన ‘సుబేదార్ సాబ్’ అని ఉండేది. ఆయన పోయి చాలా కాలమైనా ఆ కార్డులు నా బీరువాలో ఉన్నాయి.

మీ మామగారిని కూడా ఇంట్లో ఒకసారి ‘కెప్టెన్ సాబ్’ అని పిలిచి చూడమ్మా. ఆయన దగ్గర నల్ల ట్రంకు పెట్టె ఉండే ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, హోదా, పేరు రాసి. నాన్న పెట్టె ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ఉంది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత హోదా మీద నల్ల రంగు పూసి కొత్తది రాయించేవాడు. పైన ‘సుబేదార్’ అని ఉంటుంది. కిటికీ దగ్గరికి లాగి ఏటవాలుగా చూస్తే కింద ‘హవల్దార్’ గీతలు, ఇంకా కింద ‘నాయక్’ గీతలు వేలికి తగులుతాయి. ఆయన పెట్టె మూత మీద కూడా చెయ్యి పెట్టి చూడు. నీ తోడికోడల్ని పక్కన కూర్చోబెట్టుకో. ఒక్కో పొర ఏ ఏట, ఎక్కడ ఉండగా వచ్చిందో ఆయన్నే చెప్పమను.